సవాదు భూములు – రాబోయే తరాలు

బాగ్దాదు పేరు ఎత్తగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది హులాగూ ఖాన్. 1258వ సంవత్సరం ఫిబ్రవరిలో మంగోలు సైన్యాలు ఆ నగరంలో జొరబడి, ఖలీఫా ముస్తాసింను చంపి, గ్రంథాలయాలను దజ్లా నదిలో కుమ్మరించాయని, సిరా కలిసి నది నీళ్ళు నల్లబడ్డాయని మౌల్వీ సాబు చెబుతూ ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నవాళ్ళం మనం. మీలాద్ సభల్లోనూ, ఇటువంటి వార్షిక సంచికల్లోనూ ఆ కథ ఎన్నోసార్లు వచ్చింది. సిరా సంగతిలో అతిశయోక్తి ఎంతైనా ఉండవచ్చు గాని, నగరం కొల్లబోయిన మాట నిజమే. నా ఫిర్యాదల్లా ఒక్కటే. మన ఇల్లు కూలిందంటే కూల్చినవాడు ఎప్పుడూ బయటివాడేనన్న నిశ్చింతను ఆ కథ మనకు నేర్పింది.

బాగ్దాదుకు అన్నం పెట్టిన నేల, బాగ్దాదు కంటె చాలా ముందే చచ్చిపోయింది. దాన్ని చంపింది హులాగూ కాడు. మన ఖలీఫాలు, మన అమీర్లు, మన సేనానులు, మన ఇజారాదార్లు. మూడు నాలుగు వందల ఏళ్ళపాటు కొంచెం కొంచెంగా చంపారు.

ఈ రోజుల్లో భూమి వేడెక్కిపోతోందని, భూగర్భజలాలు అడుగంటిపోతున్నాయని, మనుమల కాలానికి ఏం మిగులుతుందోనని చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ కూడా బెంగపడుతున్నారు. బెంగ సబబే. అయితే అది కొత్తదేమీ కాదు. దాదాపు 1,400 ఏళ్ళ క్రితం మదీనాలో సరిగ్గా ఆ బెంగతోనే ఒక పెద్ద వాదోపవాదం జరిగింది. ఆ వాదానికి కారణమైన నేల పేరే సవాదు.

దజ్లా, ఫురాత్ నదుల నడుమ, అంటే నేటి ఇరాక్ దక్షిణ, మధ్య భాగాల్లో ఉన్న పంటభూమిని అరబ్బులు సవాదు అనేవారు. సవాదు అంటే నలుపు. ఎడారిలోంచి వచ్చేవాడి కంటికి దూరాన కనబడే తోటల పచ్చదనం నల్లటి మేఘంలా ఉండేదట. ఖాదిసియా యుద్ధం ముగిసి, 637లో పారసీక రాజధాని మదాయిన్ లొంగిపోయాక ఆ నేలంతా ముస్లిం సైన్యం చేతికొచ్చింది. యుద్ధంలో దొరికిన సొత్తులో ఐదో వంతు ప్రభుత్వానికి పోగా, తక్కినది సైనికులు పంచుకోవడం అప్పటి ఆనవాయితీ. కత్తులూ గుర్రాలూ పంచుకున్నట్టే ఈ భూముల్నీ పంచిపెట్టమన్నారు వాళ్ళు. అడగడంలో తప్పులేదు. ప్రాణాలొడ్డినవాళ్ళు వాళ్ళు. ఖైబర్ భూములు పంచిన దాఖలా కూడా ఉంది. హజ్రత్ బిలాల్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అంతటివాళ్ళు పంచిపెట్టాలనే పట్టుబట్టారు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మాత్రం ససేమిరా అన్నారు. ఇప్పుడున్నవాళ్ళకే పంచేస్తే, ఆ తర్వాత వాళ్ళ కొడుకులు, కొడుకుల కొడుకులు దాన్ని వారసత్వంగా అనుభవిస్తూ పోతే, రేపు పుట్టబోయే ముసల్మానుల మాటేమిటి, వితంతువుల మాటేమిటి, సరిహద్దులు కాచే సైన్యానికి జీతాలు ఎక్కణ్ణుంచి తేవాలి అన్నది ఆయన వాదం. హజ్రత్ అలీ, హజ్రత్ ఉస్మాన్, హజ్రత్ తల్హా ఆయనను సమర్థించారు. అయినా ఖలీఫా తన మాటే చెల్లించుకోలేదు. అన్సార్లలో ఔస్ తెగవారు ఐదుగురిని, ఖజ్రజ్ తెగవారు ఐదుగురిని పిలిపించి సలహా అడిగారు. చివరకు సూరా అల్-హష్ర్ ఆయతులు ముందుంచి, ఆ సొత్తులో హక్కున్నవాళ్ళ జాబితాలో వలసవచ్చినవాళ్ళు, మదీనావాసులతోపాటు వాళ్ళ తర్వాత రాబోయేవాళ్ళు కూడా ఉన్నారని చూపించారు. దానితో వాదం తీరింది. భూమి సాగుచేసేవాడి దగ్గరే ఉండాలి, శిస్తు ఖజానాకు రావాలి, అసలు భూమి మాత్రం ఏ సైనికుడికీ సొంతం కారాదు అని నిర్ణయమైంది.

ఆలోచించండి. ఇంకా పుట్టనివాళ్ళకు ఆ సభలో నోరు లేదు, సాక్షి లేడు. వాళ్ళ తరఫున ఖలీఫా వకాల్తా పుచ్చుకుని, బద్ర్ యుద్ధం చేసిన వీరులతో వాదించి గెలిచారు.

ఈ బుద్ధి ఆయనకు అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఖైబర్‌లో తన వంతుకు మంచి భూమి ముక్క వస్తే, దాన్నేం చేయమంటారని ఆయన దైవప్రవక్త (స) వారిని అడిగిన సంగతి హదీసు చదివినవాళ్ళందరికీ తెలుసు. అసలు అట్టేపెట్టి ఫలం మాత్రం దానం చేయమన్న భావంతో వారు సలహా ఇచ్చారు. ఆ భూమి అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. మన వక్ఫులన్నింటికీ మూలం అదే. సొంత భూమి ముక్కతో చేసిన పనినే ఖలీఫా సవాదంతటికీ వర్తింపజేశారని నేననుకుంటాను.

ఆ తర్వాత ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) వెళ్ళి భూమి కొలిచారు. 3 కోట్ల 60 లక్షల జరీబులు తేలింది. జరీబు అంటే ఎకరంలో ఐదింట రెండు వంతులకు అటూఇటూగా ఉంటుంది. (కృష్ణ ఒడ్డు గ్రామాల్లో మన రైతులు జరీబు భూములు అంటుంటారు. కొలత పేరే కాలక్రమాన మంచి తడి నేల పేరైపోయిందని నా ఊహ.) 644లో తాను హత్యకు గురికావడానికి నాలుగైదు రోజుల ముందు కూడా ఉమర్ (రజి) ఆ కొలతగాళ్ళను పిలిచి, నేల మోయలేనంత శిస్తు వేయలేదు కదా అని ఆరా తీశారని బుఖారీలో ఉంది. మనిషి మోయలేనంతనా అనలేదు, నేల మోయలేనంతనా అన్నారు.

ఇక్కడ ఆపేస్తే ఇది మరో ఘనకీర్తి వ్యాసం అయి ఊరుకుంటుంది. తర్వాతి కథ అంత ఘనమైనది కాదు.

ఆ నేలకు ఒక జబ్బుంది. అది పుట్టుజబ్బు. నది నీళ్ళలో కంటికి కనబడని ఉప్పు కొంత ఉంటుంది. కాలువ నీళ్ళు పొలంలో నిలిస్తే ఎండకు నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు పోదు. మురుగు సరిగా దిగకపోతే భూగర్భంలో నీటిమట్టం పైకి లేస్తుంది. దానితోపాటు ఉప్పూ పైకొస్తుంది. చివరకు మడిలో తెల్లగా పొర కడుతుంది. మన డెల్టా శివారు రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చౌడు తేలడం అంటే అదే.

ఇస్లాంకు ఎన్నో వేల ఏళ్ళ ముందే సుమేరు రైతులు ఈ బాధ పడ్డారు. క్రీస్తుపూర్వం 3500 ప్రాంతంలో దక్షిణ ఇరాక్‌లో గోధుమ, బార్లీ దాదాపు సరిసమానంగా పండేవని, ఉప్పు ఎక్కువైనకొద్దీ గోధుమ తగ్గిపోయి, క్రీ.పూ. 1700 నాటికి అక్కడ గోధుమే లేకుండా పోయిందని జాకబ్‌సెన్, ఆడమ్స్ అనే పండితులు 1958లో మట్టిపలకల లెక్కల ఆధారంగా వ్రాశారు. ఉప్పుకు గోధుమ తట్టుకోలేదు, బార్లీ కొంత తట్టుకుంటుంది. ఆ లెక్కలతో తర్వాతి పండితులు కొందరు ఏకీభవించలేదనుకోండి. కాని జబ్బు సంగతి అందరూ ఒప్పుకున్నదే. మందు కూడా పాతదే. ఏడాది విడిచి ఏడాది చేను బీడు పెట్టాలి. కాలువల్లో పూడిక తీయాలి. గట్లు కాయాలి. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు, ఓపిక కావాలి. శిస్తు కోసం నెత్తిన కూర్చున్నవాడుంటే ఏ రైతూ చేను బీడు పెట్టలేడు.

762లో ఖలీఫా మన్సూర్ బాగ్దాదుకు పునాది వేశాడు. లక్షల జనం చేరారు. దజ్లాకు తూర్పున సాసానీ రాజులు తవ్వించిన నహ్రవాన్ మహాకాలువ ఆ నగరానికి ధాన్యాగారాన్ని నింపింది. హారూన్ రషీద్ కొలువులో ఖాజీగా ఉండిన ఇమామ్ అబూ యూసుఫ్ (798లో కాలం చేశారు) ఖలీఫా కోరిక మీద శిస్తుల విషయమై ‘కితాబుల్ ఖరాజ్’ వ్రాశారు. సవాదు విషయంలో ఉమర్ (రజి) చేసిన వాదం మనకు తెలిసింది చాలావరకు ఆ గ్రంథం వల్లనే. పెద్ద కాలువల మరమ్మతు ఖర్చు ఖజానా భరించాలని, శిస్తు వసూలును ఇజారాకు ఇవ్వవద్దని ఆయన గట్టిగా చెప్పారు. ఇజారాదారుకు రైతు బ్రతికితేనేం, చస్తేనేం, ఈ ఏడాది పెట్టుబడికి లాభం రావాలి, అంతే కదా.

అబూ యూసుఫ్ మాటను హారూన్ తర్వాతివాళ్ళు చెవిని పెట్టలేదు. 10వ శతాబ్దం మొదట్లో హామిద్ బిన్ అబ్బాస్ అనే ఆయన ఒకే సమయంలో వజీరుగానూ, సవాదు శిస్తులకు ఇజారాదారుగానూ ఉన్నాడు. ధాన్యం నిలవచేసి ధర పెంచితే బాగ్దాదు జనం రొట్టెల కోసం తిరగబడ్డారు. ఉమర్ (రజి) కాలంలో సవాదు శిస్తు పదికోట్ల దిర్హములు దాటిందని పాత చరిత్రకారులు వ్రాశారు. 918 నాటి పద్దుల్లో అది మూడో వంతు కూడా లేదు.

డబ్బు లేక కాదు సుమా. సామర్రాలో ఖలీఫా ముతవక్కిల్ తన కొత్త నగరానికి వేరే కాలువ తవ్వించాడు. ఆ పని చేతిలో పెట్టుకున్నది ఫర్గానీ. ఖగోళశాస్త్రంలో దిట్ట, మనం గర్వంగా చెప్పుకునే పేరే. లెక్క తప్పి కాలువ మొదలు లోతుగాను, తక్కిన భాగం మెరకగాను వచ్చిందట. నదిలో నీళ్ళు తగ్గి గుట్టు బయటపడేలోపలే 861లో ఖలీఫాను సొంత భటులే చంపేశారు గనుక శిక్ష తప్పింది. పాత కాలువల్లో పూడిక తీయించడం పేరు తెచ్చే పని కాదు, కొత్తది తవ్విస్తేనే పేరు. ఈ సరదా ఏ కాలపు ప్రభువులకైనా ఉన్నదే.

బస్రా వైపు ఇంకో పాపం జరిగింది. అక్కడ చౌడు తేలిన భూములను బాగుచేయడానికి తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను గుంపులు గుంపులుగా దించారు. వాళ్ళను జంజ్‌లు అనేవారు. ఎండలో ఉప్పుపొర గీకి, తట్టలకెత్తి, గుట్టలు పోయడమే వాళ్ళ పని. తిండి పిండి, ఖర్జూరం. వాళ్ళు 869లో తిరగబడ్డారు. 871లో బస్రాను దోచి తగలబెట్టారు. ఆ తిరుగుబాటు అణగడానికి 14 ఏళ్ళు పట్టింది. హజ్రత్ బిలాల్ (రజి) అజాన్ గురించి ఏటా చెప్పుకుంటాం గాని, ఆయన సోదరుల చేత మన ధనికులు ఉప్పు గీకించిన సంగతి మన సంచికల్లో ఎక్కడా కనబడదు. కనబడాలి.

ఇక నహ్రవాన్ సంగతి. 937–38లో బాగ్దాదు అమీరు ఇబ్న్ రాయిఖ్ మీదికి బజ్కమ్ అనే సేనాని దండెత్తి వచ్చాడు. అతణ్ణి ఆపడానికి ఇబ్న్ రాయిఖ్ చేసిన పని నహ్రవాన్ కాలువకు గండి కొట్టించడం. ఇద్దరూ ముసల్మానులే. ఇద్దరూ ఖలీఫా పేరు చెప్పుకున్నవాళ్ళే. బజ్కమ్ ఆగలేదు, బాగ్దాదు పట్టుకోనే పట్టుకున్నాడు. గండి మాత్రం ఏళ్ళ తరబడి అట్లాగే ఉండిపోయి, దిగువ ఊళ్ళు ఎండాయి.

945లో బువైహీ వంశస్థుడు ముయిజ్జుద్దౌలా బాగ్దాదులో ప్రవేశించాడు. ఇతని కథ విచిత్రమైనది. గండ్లు పూడ్చే పనికి తానే స్వయంగా వెళ్ళి, తన బట్టల్లో మట్టి మోశాడట. అది చూసి సైన్యమంతా మోసింది. రొట్టె ధర దిగింది, జనం దీవించారు. అదే మనిషి సైనికులకు జీతాలివ్వడానికి ఖజానాలో డబ్బు లేక, సవాదు భూములను వాళ్ళకు జాగీర్లుగా పంచిపెట్టాడు. ఆ వంశం కొలువులోనే పనిచేసిన చరిత్రకారుడు మిస్కవైహ్ దాని ఫలితం వ్రాశాడు. జాగీరు పొందిన సైనికుడు కాలువ మరమ్మతు చేయించడు. రైతును పిండుతాడు. నేల పాడయ్యాక ఇది నష్టపు జాగీరు, వేరేది ఇవ్వమంటాడు. ఇచ్చేవారు. ఆ కొత్తదాన్నీ అట్లాగే పాడుచేసేవాడు.

637లో సైనికులు అడిగినదీ, ఉమర్ (రజి) కాదన్నదీ 308 ఏళ్ళ తర్వాత జరిగిపోయింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి మన పిల్లలకు ఎవరైనా చెప్పారా? నాకైతే ఎవరూ చెప్పలేదు. యాభై దాటాక పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

తర్వాత అజుదుద్దౌలా వంటి ఒకరిద్దరు కాలువలు బాగుచేయించారు. ఆయన 983లో పోయాక మళ్ళీ మామూలే. 12వ శతాబ్దం నడిమికి నహ్రవాన్ దిగువ భాగం దాదాపు నిర్మానుష్యమైపోయింది. ఇందాక చెప్పిన ఆడమ్స్ గారే దియాలా నది ప్రాంతమంతా తిరిగి, పాడుబడిన ఊళ్ళ దిబ్బల మీద కుండపెంకులు ఏరి, ఏ ఊరు ఎప్పుడు ఖాళీ అయిందో తేల్చి 1965లో ప్రచురించారు. మంగోలులు వచ్చింది అది జరిగిన వందేళ్ళకు.

ఇప్పుడు ఆ నేల మీద పుట్టినవాళ్ళకు దక్కినదేమిటో చూడండి. ఎగువ దేశాల్లో ఆనకట్టలు లేచి దజ్లా, ఫురాత్‌లలో నీళ్ళు తగ్గాయి. 1991 తిరుగుబాటు తర్వాత సద్దాం ప్రభుత్వం పగబట్టి దక్షిణాన చిత్తడి నేలలను ఎండగట్టింది. 2003లో జనమే వెళ్ళి కట్టలు తెంచి కొంత నీరు తెచ్చుకున్నారు. 2018 వేసవిలో షత్తుల్ అరబ్ నదిలోకి సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని, మురుగూ కలిసి, బస్రాలో కనీసం 1,18,000 మంది ఆసుపత్రుల పాలయ్యారు. చమురు మీద తేలే జిల్లా అది. కుళాయి తిప్పితే ఉప్పునీళ్ళు. వీధుల్లోకి వచ్చి తిరగబడినవాళ్ళలో ఎక్కువమంది పాతికేళ్ళలోపు కుర్రాళ్ళు.

పోనీ అది ఇరాక్ గొడవ అందామా అంటే, ప్రపంచంలో ఉప్పు బారిన పడిన నేల 138 కోట్ల హెక్టార్లని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2024లో లెక్క చెప్పింది. మొత్తం నేలలో పదో వంతు పైమాటే. కాటన్ దొర కాలంలో, 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక పచ్చబడిన మన డెల్టాలో కూడా శివారున కథ మారింది. ఎగువన ఆనకట్టలు పెరిగినకొద్దీ నది తెచ్చే ఒండ్రు తగ్గింది, సముద్రం లోపలికి చొచ్చుకొస్తోంది. 1990ల నుంచి రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల ఉప్పు పక్క పొలాలనూ మంచినీళ్ళనూ పాడుచేస్తోందని కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 1996 డిసెంబరులో తీర్పు కూడా వచ్చింది. తీర్పు వచ్చినా చెరువులు ఆగలేదు.

ఆగకపోవడానికి కారణం నాకు తెలుసు. ఒక చిన్న కారణం నేనే.

మన సంఘం చూసుకునే మసీదు తాలూకు ఈనాం భూమి 4 ఎకరాల చిల్లర కాలువ శివారున ఉంది. ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో వక్ఫు చేసినది. దీపం ఖర్చుకూ, పేద పిల్లల చదువులకూ అని కాగితంలో ఉందని పెద్దలంటారు. 2013లో వనామీ రొయ్య వేస్తామని కౌలుకు అడిగారు. వరి కౌలుకు మూడింతలు ఇస్తామన్నారు. కమిటీలో వాదం జరిగింది. ఒక్క కుర్రవాడు, అప్పుడే డిగ్రీ ముగించినవాడు, లేచి అయిదేళ్ళ తర్వాత ఆ నేల ఏమవుతుంది చాచా అని అడిగాడు. అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే బేటా అన్నాం. ఆ ఏడాది వైద్య విద్యలో సీటు వచ్చిన అమ్మాయి ఫీజు కట్టాల్సి ఉంది. డబ్బు అవసరం నిజమైనదే. చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.

ఆ అమ్మాయి ఇప్పుడు డాక్టరు. అది సంతోషించాల్సిన మాటే, నేను కాదనను. చెరువుకు రెండుసార్లు రోగం తగిలి, కౌలుదారు గడువు ముగియకముందే వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వరి వేస్తే నారు తిప్పుకోలేదు. పక్క చేను బక్క రైతు ఉప్పు తన గట్టు దాటిందని మన దగ్గరకు వచ్చి నిలబడితే ఏం చెప్పాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇప్పుడక్కడ ఎండాకాలంలో గట్టు మీద నిలబడి చూస్తే మడంతా తెల్లగా మెరుస్తుంది.

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు వచ్చి చూశారు. మురుగు కాలువ లోతు చేయించి, మంచినీళ్ళు నిలబెట్టి వదిలిపెడుతూ, జీలుగ వేసి దున్నుతూ పోతే నాలుగైదేళ్ళలో నేల తిరగబడవచ్చునన్నారు. ఆ ఖర్చు మనం మూడేళ్ళపాటు పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పుల మొత్తానికి సమానం. ఆ అయిదేళ్ళూ భూమి మీద పైసా రాదు. ఇంకోపక్క కొత్త కౌలుదారు ఒకాయన, మళ్ళీ చెరువుకే ఇవ్వమని కబురు పెట్టాడు.

ఈసారి సర్వసభ్య సమావేశం చర్చనీయాంశాల్లో ఇది 4వది. ఆనాడు ప్రశ్న అడిగిన కుర్రవాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అతన్ని రమ్మని నేనే స్వయంగా వెళ్ళి పిలిచి వచ్చాను. సభ్యులందరూ దయచేసి రావాలి. స్కాలర్‌షిప్పు తీసుకుంటున్న పిల్లల్ని కూడా వెంట తీసుకురండి. ఓటు లేకపోయినా వాళ్ళు వినాలి.